కాల్పుల విరమణ తర్వాతి రెండు రోజులు

అందరికీ నమస్కారం. ఒక ప్రాంతంలో పుట్టిన యుద్ధం ఎలా ముదిరి పెద్ద యుద్ధం అవుతుంది అన్నది నాకిచ్చిన అంశం. దీని మీద మాట్లాడమంటే చాలామంది 1914తో, అంటే మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలుపెడతారు. నేను అటు వెళ్లను. కనీసం ఇప్పుడే వెళ్లను. నేను 1973 అక్టోబరు తీసుకుంటాను. ఎందుకంటారా? ముదిరిపోయిన యుద్ధాన్ని చూస్తే ఎందుకు ముదిరిందో ఒక్కటే తెలుస్తుంది. ముదరబోయి ఆగినదాన్ని చూస్తే ఎక్కడ ముదరబోయిందో, దేనివల్ల ఆగిందో రెండూ తెలుస్తాయి.

ముందు ఒక ప్రశ్న. ఈజిప్టు, సిరియా కలిసి ఇజ్రాయెల్ మీద దాడి మొదలుపెట్టింది అక్టోబరు 6న, మధ్యాహ్నం రెండు గంటలకు. కాల్పులు ఆపాలని భద్రతా మండలి తీర్మానించింది 22న. మరి ఈ మొత్తంలో ప్రపంచానికి ప్రాణం మీదికొచ్చిన రోజు ఏది? 6వ తేదీయా? ట్యాంకులు వందల్లో తలపడిన 14వ తేదీయా? రెండూ కావు. 24వ తేదీ రాత్రి. అంటే కాల్పుల విరమణ అమల్లోకి వచ్చిన రెండు రోజులకి. యుద్ధం ఆగిందని పేపర్లు రాసేసిన తర్వాత. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు రోజుల చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఇది కావాలనే చిన్నదిగా గీసుకున్న యుద్ధం. ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఇజ్రాయెల్‌ను ఓడించేద్దామని బయలుదేరలేదు. సూయజ్ కాలువ దాటాలి, ఇజ్రాయెల్ చేతిలో ఉన్న అవతలి ఒడ్డున పది పన్నెండు కిలోమీటర్ల మేర పట్టు చిక్కించుకోవాలి, అక్కడ నిలబడి బేరానికి కూర్చోవాలి. పది పన్నెండే ఎందుకు? ఎందుకంటే కాలువ పడమటి ఒడ్డున ఉన్న సోవియట్ విమాన విధ్వంసక క్షిపణుల నీడ అంతవరకే పడుతుంది. ఆ నీడలో ఉన్నంతసేపు ఇజ్రాయెల్ విమానాలు దగ్గరికి రాలేవు. నీడ దాటితే నెత్తిన కప్పు లేనట్టే. లెక్క అంత కచ్చితంగా వేసుకున్నారు.

మరి ఆ లెక్క ఎక్కడ తప్పింది? సిరియా దగ్గర తప్పింది. గోలాన్ గుట్టల మీద సిరియా సైన్యం వెనక్కి నడవడం మొదలైంది. సిరియా అధ్యక్షుడు హఫీజ్ అల్ అసద్, నా మీద ఒత్తిడి తగ్గించు, నువ్వు ముందుకు కదులు అని సాదత్‌ను వేడుకున్నాడు. ఈజిప్టు సైన్యాధిపతి షాజ్లీ వద్దన్నాడు. సాదత్ వినలేదు. 14వ తేదీన ఈజిప్టు ట్యాంకులు ఆ నీడ దాటి సినాయ్ లోపలికి వెళ్లాయి. ఒక్క రోజులో 200కు పైగా ట్యాంకులు పోయాయి. మరుసటి రాత్రే ఇజ్రాయెల్ దళాలు డెవర్సువార్ దగ్గర కాలువ దాటి పడమటి ఒడ్డుకు చేరాయి. చూశారా, మిత్రుణ్ని కాపాడబోయి తన గీత తనే దాటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో ఇదే పని ఇంకా పెద్దవాళ్లు చేయబోతారు.

ఇప్పుడు సరుకు సంగతి. యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు మనం జనరళ్ల గురించి మాట్లాడతాం, గుండ్ల గురించి మాట్లాడం. మొదటి వారంలోనే రెండు వైపులా ఫిరంగి గుండ్లు, ట్యాంకులు, క్షిపణులు ఊహించనంత వేగంగా అయిపోయాయి. తమ దగ్గర తయారీ లేదు, ఉన్నా చాలదు. అప్పుడేం చేస్తారు? పెద్ద దేశాన్ని అడుగుతారు. సోవియట్ యూనియన్ యుద్ధం మొదలైన మూడు నాలుగు రోజులకే ఆంటొనోవ్ విమానాల్లో సిరియాకు, ఈజిప్టుకు సరుకు పంపడం మొదలుపెట్టింది. తమాషా ఏమిటంటే, ఏడాది క్రితం, 1972 జులైలో, ఇదే సాదత్ సోవియట్ సైనిక సలహాదారులను వేలమందిని దేశం నుంచి పంపించేశాడు. అంత మనస్పర్థలు ఉన్నా సరే, తమ ఆయుధాలు పట్టుకున్నవాడు ఓడిపోతుంటే మాస్కో చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయింది.

అమెరికా 13, 14 తేదీల నుంచి మొదలుపెట్టింది. ఆ కార్యక్రమానికి నికెల్ గ్రాస్ అని పేరు. నెల రోజుల్లో 22,000 టన్నులకు పైగా సరుకు సీ-5, సీ-141 విమానాల్లో ఇజ్రాయెల్‌కు చేరింది. ఐరోపాలో ఉన్న అమెరికా మిత్రదేశాలు మా నేల మీద దిగొద్దన్నాయి. ఒక్క పోర్చుగల్ ఒప్పుకుంది. అట్లాంటిక్ మధ్యలో అజోర్స్ దీవుల్లో లాజెస్ అనే స్థావరం ఉంది, విమానాలు అక్కడ దిగి, తర్వాత ఎవరి భూభాగం మీదికీ పోకుండా మధ్యధరా సముద్రం మీదుగా వెళ్లాయి. ఆ ఒక్క దీవి లేకపోతే? ఈ పాటికి ఆ యుద్ధ చరిత్ర ఇంకోలా రాసుకునేవాళ్లమేమో.

మూడో దారిలో యుద్ధం మన ఇంటికి కూడా వచ్చింది, అది నూనె దారి, అంటే ముడిచమురు దారి. అక్టోబరు 16న గల్ఫ్ దేశాలు పీపా ధర మూడు డాలర్ల నుంచి ఐదు డాలర్ల పైకి పెంచాయి. 17న అరబ్ ఎగుమతి దేశాలు నెలకు 5 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గిస్తామన్నాయి. 19న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఇజ్రాయెల్‌కు 220 కోట్ల డాలర్ల సాయం కావాలని కాంగ్రెస్‌ను అడిగాడు. మర్నాడే సౌదీ అరేబియా అమెరికాకు నూనె బంద్ అంది. జనవరి 1 వచ్చేసరికి పీపా 11 డాలర్లు దాటింది. 1974లో మన దేశంలో ధరలు ఏడాదిలో 20 శాతానికి పైగా పెరిగాయి. అదే నూనె డబ్బుతో గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మనవాళ్లు అక్కడికి పనికి వెళ్లడం మొదలైంది. విశాఖపట్నంలో కొండ తొలిచి 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు దాచే గుహలు కట్టుకున్నది కూడా ఇలాంటి రోజు మళ్లీ వస్తుందనే భయంతోనే. సరే, నూనె గురించి ఇంతటితో ఆపుతాను, అది ఇంకో సాయంత్రం మాట్లాడుకోవలసింది.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. 20న అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్ మాస్కో వెళ్లాడు. ఆయన, సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ కూర్చుని ఒక తీర్మానం రాశారు. 22వ తేదీ తెల్లవారకముందే భద్రతా మండలి దాన్ని ఆమోదించింది. 338వ తీర్మానం. మూడే మూడు పేరాలు. అందులో మొదటి పేరా ఏమంటుంది? ఆమోదించిన 12 గంటల్లోగా, ఎవరెక్కడున్నారో అక్కడే, కాల్పులు ఆపండి అంటుంది. అక్కడి టైము ప్రకారం సాయంత్రం 6 గంటల 52 నిమిషాలకు ఆగాలి.

బాగానే ఉంది కదా? ఇక్కడ ఏం లేదో చెప్పండి. చూస్తున్నారా? ఎవరెక్కడున్నారో చూసేది ఎవరు? ఆ మాట లేదు. పటం లేదు. పరిశీలకులు ఎక్కడ నిలబడాలో లేదు. ఒకడు ఒక్క కిలోమీటరు ముందుకు జరిగితే వెనక్కి పంపేది ఎవరో లేదు. మన ఊళ్లలో గట్టు పంచాయితీ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు: సర్వేయరు రాకుండా, హద్దురాయి పాతకుండా, ఎవరి చేను వాళ్లదే అని పెద్దమనిషి లేచిపోతే రాత్రికి ఏమవుతుందో.

అదే అయింది. ఆ సాయంత్రానికి కాలువ పడమటి ఒడ్డున రెండు సైన్యాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ముందు వరస, వెనక వరస అన్నవి లేవు. తూర్పు ఒడ్డున ఈజిప్టు మూడో సైన్యం, రెండు డివిజన్లు, ఉంది. దానికి తిండీ నీళ్లూ వచ్చేది కైరో నుంచి సూయజ్ వెళ్లే రోడ్డు మీదుగా. ఇజ్రాయెల్ దళాలు ఆ రోడ్డుకు చాలా దగ్గర్లో ఉన్నాయి. ఇంకొన్ని గంటలుంటే చాలు, మెడ పట్టుకోవచ్చు. ముందు ఎవరు కాల్చారు? నువ్వంటే నువ్వు. 23, 24 తేదీల్లో ఇజ్రాయెల్ దళాలు రోడ్డు కోసేసి, సూయజ్ పట్టణాన్ని చుట్టుముట్టి, దక్షిణాన అదబియా రేవు దాకా వెళ్లిపోయాయి. మూడో సైన్యం సంచిలో చిక్కినట్టయింది.

23న భద్రతా మండలి మళ్లీ కూర్చుని 339వ తీర్మానం చేసింది. 22వ తేదీన ఎక్కడున్నారో అక్కడికి వెనక్కి వెళ్లండి అని. ఎక్కడున్నారు? ఎవరికి తెలుసు? 22వ తేదీ రేఖ అన్నది ఆ తర్వాత నెలల తరబడి నోళ్లలో నలిగింది, నేల మీద మాత్రం ఎవరూ చూపించలేకపోయారు.

ఇప్పుడు మాస్కో వైపు నుంచి ఆలోచించండి. మన సంతకంతో కాల్పుల విరమణ జరిగింది. మన సంతకం తర్వాతే మనవాడి సైన్యం చిక్కుకుంది. దాహంతో లొంగిపోతుంది. అంటే మన సంతకానికి విలువ లేదన్నమాట. రేపటి నుంచి మనల్ని నమ్మేదెవరు? గెలిచేవాడి వెనకున్న పెద్దన్న యుద్ధాన్ని పెంచడు, వాడికి అవసరం లేదు. ఓడేవాడి వెనకున్న పెద్దన్న పెంచుతాడు. నా దృష్టిలో ఒక ప్రాంత యుద్ధం ఎప్పుడు అంటుకుంటుందో కనిపెట్టాలంటే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

24న సాదత్, రెండు అగ్రరాజ్యాలూ కలిసి సైన్యాలు పంపి కాల్పుల విరమణ నిలబెట్టండి అని బహిరంగంగా అడిగాడు. ఆ రాత్రి పది గంటల లోపు వాషింగ్టన్‌లో సోవియట్ రాయబారి డోబ్రినిన్ ఫోనులో కిసింజర్‌కు బ్రెజ్నెవ్ లేఖ చదివి వినిపించాడు. సారాంశం ఏమిటి? కలిసి పంపుదాం, మీకు కుదరకపోతే మేం ఒంటరిగా ఏం చేయాలో ఆలోచించుకోవలసి వస్తుంది అని. అప్పటికే సోవియట్ పారాచూట్ దళాల డివిజన్లు అప్రమత్తంగా ఉన్నాయని అమెరికన్లకు సమాచారం. ఇంకోటి ఉంది, వినండి. 24న సోవియట్ సరుకు విమానాల రాకపోకలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. సరుకు చాలింది కాబట్టి ఆపారని అనుకోవచ్చు. దళాలను ఎక్కించడానికి విమానాలను వెనక్కి పిలిచారని కూడా అనుకోవచ్చు. వాషింగ్టన్ రెండోదే అనుకుంది. నిఘాలో ఇదే చిక్కు: కళ్లకు కనబడింది ఒక్కటే, దానికి అర్థాలు రెండు, చేతిలో ఉన్నవి కొద్ది గంటలు.

ఆ రాత్రి శ్వేతసౌధంలో ఎవరున్నారు? రాత్రి 10:40కి కూర్చున్న సమావేశంలో కిసింజర్ ఉన్నాడు, అప్పుడు విదేశాంగ మంత్రీ ఆయనే, జాతీయ భద్రతా సలహాదారూ ఆయనే. రక్షణ మంత్రి ష్లెసింజర్, సీఐఏ డైరెక్టర్ కోల్బీ, సైన్యాధిపతుల సంఘం అధ్యక్షుడు అడ్మిరల్ మూరర్, శ్వేతసౌధ సిబ్బంది అధిపతి హేగ్ ఉన్నారు. అధ్యక్షుడు నిక్సన్ మేడ మీద నిద్రపోతున్నాడు, లేపలేదు. నాలుగు రోజుల క్రితమే వాటర్‌గేట్ కుంభకోణం విచారణాధికారిని తీసేయించి దేశమంతా గోల చేయించుకున్నాడు. ఉపాధ్యక్షుడు? ఆగ్న్యూ 10వ తేదీనే రాజీనామా చేశాడు, కుర్చీ ఖాళీ. 11:41కి మూరర్ ఉత్తర్వు ఇచ్చాడు: ప్రపంచమంతటా ఉన్న అమెరికా సైన్యాలు డెఫ్‌కాన్ 3 అనే అప్రమత్తత స్థాయికి వెళ్లాలి. అణు దళాలతో సహా. 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సిద్ధంగా ఉండాలి, గువామ్‌లోని బీ-52 బాంబర్లు తిరిగి రావాలి.

దీంట్లో ఆలోచన ఏమిటంటే, ఉత్తరానికి జవాబు రాసేలోపే మాస్కో ఈ కదలికలను గమనించాలి. కానీ లక్షల మందిని రాత్రికి రాత్రి లేపితే అది రహస్యంగా ఉంటుందా? తెల్లారేసరికి రేడియోలో వచ్చేసింది. గుట్టుగా పంపదలచుకున్న హెచ్చరిక బహిరంగ సవాలుగా మారింది. బహిరంగ సవాలుకు వెనక్కి తగ్గడం ఎంత కష్టమో మీకు తెలుసు. బ్రెజ్నెవ్ ఆ ఉదయం తన సైన్యాలను కూడా అదే స్థాయికి లేపి ఉంటే? లేపలేదు. జవాబివ్వకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడానికి చరిత్రలో రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

సముద్రం మీద పరిస్థితి ఇంకా ఇరుకు. మధ్యధరాలో అమెరికా ఆరో నౌకాదళం, దాని చుట్టూ సోవియట్ ఐదో స్క్వాడ్రన్. అక్టోబరు చివరికి సోవియట్ ఓడలు 90 దాటాయి, అమెరికావి 60 చిల్లర. ఒక్కో అమెరికన్ విమానవాహక నౌకకు తోకలా ఒక సోవియట్ ఓడ, క్షిపణులతో. మొదట కాల్చినవాడే మిగులుతాడు అన్న అమరిక. ఇలాంటి చోట ఒక కుర్ర లెఫ్టినెంటు చెయ్యి జారినా చాలు. మరి జారలేదు ఎందుకు?

అదృష్టమే అంటే సగమే నిజం. 1972 మే నెలలో, అంటే ఏడాదిన్నర కూడా కాలేదు, ఈ రెండు నౌకాదళాలు ఒక చిన్న ఒప్పందం చేసుకున్నాయి. సముద్రం మీద సంఘటనల నివారణ ఒప్పందం. దాన్ని చదివితే పెద్ద మాటలేవీ కనబడవు. ఎదుటి ఓడ వైపు ఫిరంగులు, క్షిపణి లాంచర్లు, టార్పెడో గొట్టాలు తిప్పి దాడి నటించొద్దు. పక్కనుంచి పోయే ఓడ వైపు ఏదీ విసరొద్దు. ఎదుటి ఓడ నడిపేవాళ్ల కళ్లలోకి సెర్చ్‌లైటు కొట్టొద్దు. ప్రమాదకరమైన విన్యాసం ఉంటే మూడు నుంచి ఐదు రోజుల ముందే నావికులకు ప్రకటించాలి. తగువొస్తే రాయబార కార్యాలయాల్లోని నౌకాదళ అధికారులు మాట్లాడుకోవాలి. అంతే. ఎవరి ఓడలు ఎన్ని ఉండాలో అందులో లేదు. ఆ అక్టోబరులో రెండు పక్షాలూ కావలసినంత దగ్గరగా తిరిగాయి, కానీ ఎదుటివాడి ఏ కదలిక మామూలుదో, ఏది కాదో కెప్టెన్లకు తెలుసు.

మరి 25న ఎలా దిగింది? సాదత్ తన కోరిక మార్చుకున్నాడు. అగ్రరాజ్యాల సైన్యాలు వద్దు, ఐక్యరాజ్య సమితి దళం చాలన్నాడు. అదే రోజు 340వ తీర్మానం. దాంట్లో ఒక ముక్క ఉంది, అదే తాళంచెవి: భద్రతా మండలి శాశ్వత సభ్యదేశాల సైనికులు ఈ దళంలో ఉండకూడదు. ఆ ఒక్క ముక్కతో మాస్కో సైన్యం వచ్చే దారీ, దానికి పోటీగా అమెరికా సైన్యం వచ్చే దారీ రెండూ మూసుకున్నాయి. సైప్రస్‌లో ఐరాస దళంలో ఉన్న ఫిన్లాండ్, స్వీడన్, ఆస్ట్రియా సైనికులను ఒకటి రెండు రోజుల్లో విమానాల్లో దింపారు.

ఇక్కడ 1967 నుంచి నేర్చుకున్నది కూడా ఉంది, అందులో మన దేశానికి భాగం ఉంది. 1956 తర్వాత గాజాలో, సినాయ్‌లో ఐరాస దళం పదేళ్లు కాపలా ఉండేది. చివరి రోజుల్లో దాని అధిపతి మన జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. 1967 మే నెలలో అప్పటి ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ వెళ్లిపొమ్మన్నాడు, ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ రెండు రోజుల్లో సరేనన్నాడు. జూన్ 5న యుద్ధం. ఇంకా బయలుదేరకుండా గాజాలో మిగిలిన మన సైనికులు కొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు. అందుకని 1973లో వచ్చిన రెండో దళానికి పద్ధతి మార్చారు. దాని మనుగడకు సంబంధించిన ఏ నిర్ణయమైనా భద్రతా మండలి ముందుకు రావాలి. ఒక్క దేశం పొమ్మంటే పోయే ఏర్పాటు కాదు.

ఇక మూడో సైన్యం నీళ్లు. అక్టోబరు 28న కైరో నుంచి 101వ కిలోమీటరు రాయి దగ్గర, గుడారంలో, ఈజిప్టు జనరల్ గమాసీ, ఇజ్రాయెల్ జనరల్ యారివ్ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి విషయం శాంతి కాదు, లారీలు. తిండి, నీళ్లు, మందులు ఉన్న లారీలు ఐరాస తనిఖీతో పోవాలి. నవంబరు 11న ఆరు అంశాల ఒప్పందం: రోడ్డు మీద ఇజ్రాయెల్ తనిఖీ కేంద్రాల చోట ఐరాస కేంద్రాలు, ఖైదీల మార్పిడి. జనవరి 18న బలగాల విడదీత ఒప్పందం. అందులో అన్నీ అంకెలే. మధ్యలో ఐరాస మేఖల. దానికి అటూ ఇటూ పలచని బలగాల మేఖలలు, ఒక్కోదాంట్లో 7,000 మందికి మించకూడదు, ట్యాంకులు 30కి మించకూడదు. 22వ తేదీ తీర్మానంలో మూడు పేరాల్లో లేనిదంతా ఇక్కడ ఉంది: పటం, లెక్క, లెక్కపెట్టే మనిషి.

ఇందాక ఎవరో చీటీ పంపారు, 1914 వదిలేశారేం అని. వదల్లేదండీ, రెండు మాటల్లో చెబుతాను. అక్కడ కొంప ముంచింది గడియారం. ఆస్ట్రియా సెర్బియాకిచ్చిన గడువు 48 గంటలు. జర్మనీ రష్యాకిచ్చిన గడువు 12 గంటలు. ఆగస్టు 1న జర్మన్ చక్రవర్తి, ఫ్రాన్సును వదిలేసి సైన్యాన్నంతా తూర్పుకు తిప్పుదాం అంటే, సైన్యాధిపతి మోల్ట్కే కుదరదన్నాడు. రైళ్ల టైంటేబులు ఏళ్ల తరబడి కూర్చినది, రాత్రికి రాత్రి మారదు అన్నాడు. 1973లో రాత్రి తొందరపడ్డా పొద్దున ఆగే వీలుంది. 1914లో ఆ వీలు ఎవరూ ఉంచుకోలేదు. తేడా అదే.

మన సరిహద్దుకి వస్తాను, వచ్చి ముగిస్తాను. 1971 యుద్ధం తర్వాత సిమ్లా ఒప్పందం ప్రకారం నియంత్రణ రేఖను రెండు సైన్యాల అధికారులూ కూర్చుని పటాల మీద గీసి, 1972 డిసెంబరులో సంతకాలు చేశారు. అది ఎంత పనికొచ్చిందో 1999లో కార్గిల్ చెప్పింది. ఎవరు రేఖ దాటారన్నది పటం చూసి ఎవరైనా చెప్పగలిగారు. మన వైమానిక దళానికి రేఖ దాటొద్దని ఉత్తర్వు. అందుకే జులై 4న వాషింగ్టన్‌లో నవాజ్ షరీఫ్ వెనక్కి తగ్గడానికి ఒప్పుకోవలసి వచ్చింది. మరి ఆ పటం ఎక్కడ ఆగింది? ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గర. ఆ పైన హిమానీనదాల వైపు ఉత్తరంగా అని 1949 ఒప్పందంలోనే రాసి వదిలేశారు. అక్కడ మనుషులు ఉండలేరు, ఎవరు పోతారులే అనుకున్నారు. 1984 నుంచి సియాచిన్‌లో దాదాపు ఇరవై ఏళ్లు కాల్పులు. గీత ఆగిన చోటే యుద్ధం మొదలైంది.

2025 మే నెల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 10వ తేదీ మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంఓ, అంటే సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్, మన డీజీఎంఓకి ఫోన్ చేశారు, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని అనుకున్నారు. ఆ రాత్రే ఉల్లంఘనలు జరుగుతున్నాయని మన విదేశాంగ కార్యదర్శి ప్రకటించారు. మళ్లీ అవే గంటలు చూడండి, సంతకం తర్వాతి గంటలు. 12న ఇద్దరు డీజీఎంఓలూ మళ్లీ మాట్లాడుకున్నారు. ఆ ఫోను ఆ వారం కోసం వేసింది కాదు, దశాబ్దాలుగా ఉన్న లైను. మామూలు రోజుల్లో వాడుతున్న లైను కాబట్టే ఆ రోజు పనిచేసింది.

ఉన్న ఏర్పాట్లు ఇంకొన్ని చెబుతాను. 1988లో సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, వాటి మీద దాడి చేయకూడదు. 1991 ఒప్పందం ప్రకారం యుద్ధవిమానాలు ఎదుటి దేశపు గగనతలానికి పది కిలోమీటర్ల లోపుకు రాకూడదు. 2005 ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్ష ఉంటే మూడు రోజుల ముందు చెప్పాలి.

బాలిస్టిక్ క్షిపణి అన్నాను, గమనించారా? 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. రెండు రోజుల తర్వాత, 11న, సాంకేతిక లోపం వల్ల ప్రమాదవశాత్తూ జరిగిందని మన రక్షణ శాఖ ప్రకటించింది. తర్వాత ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి. 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణుల ఊసు లేదు. అది పడిన రోజు మామూలు రోజు. 2025 మే 8నో, 9నో పడి ఉంటే అవతల రాడార్ ముందు కూర్చున్న అధికారి దాన్ని పొరపాటు అనుకునేవాడా? అనుకోవడానికి అతని చేతిలో ఏ కాగితం ఉంది?

సరే, ప్రశ్నలుంటే అడగండి. ముందు వరసలో వారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.